ముప్పై ఏడు – ఇరవై ఎనిమిది

మా మామకు ప్రపంచంలో ఉన్న స్కోరర్లందరి మీదా అనుమానమే. బీపీ, షుగరు అయితే అందరిళ్ళలో ఉండేవే, దవాఖానకు పోతే గోళీలిస్తారు. ఈ రోగానికి మాత్రం గోదావరిఖని మొత్తంలో డాక్టర్ లేడు. పొద్దున ఆరున్నరకు పేపర్ వస్తుంది. మనుషులన్నవాళ్ళు మొదటి పేజీ నుంచి చదువుతారు. ఈయన తిన్నగా ఆటల పేజీ తీసి, అడుగున చీమ తలకాయలంత అక్షరాల్లో ఉండే స్కోర్లలోకి దిగుతాడు. రెండు చోట్ల ఒకే అంకె కనబడిందా, ఇక చాయ్ చల్లారిపోయేదాకా దాన్ని దొంగను చూసినట్టు చూస్తాడు.

"శోభా! ఇటు రా బిడ్డా. గిది చూడు. గీ జట్టూ నూట డెబ్బై నాలుగే, గా జట్టూ నూట డెబ్బై నాలుగే."

"మ్యాచ్ టై అయింది మామా. ఇద్దరూ సమానంగ కొట్టిండ్రు."

"కొట్టలే. కొట్టినట్టు రాసిండ్రు. లెక్క రాసెటోడు పండుకున్నడు."

ఆయన పేరు గట్టయ్య. ముప్పై నాలుగేళ్ళు బొగ్గు గని మీద మున్షీగా చేశాడు. అంటే గని నోటి దగ్గర నిలబడి, లోపలి నుంచి పైకొచ్చే బొగ్గు టబ్బులను ఒక్కొక్కటిగా లెక్కపెట్టి బుక్కులో రాసే పని. ఆ పని నుంచి ఆయన ఇంటికి తెచ్చుకున్నవి రెండే. ఒకటి మోకాళ్ళ నొప్పులు. రెండోది ఒక సూత్రం: "రెండు షిఫ్టులకు ఒక్క లెక్కొస్తే మున్షీ నిద్రపోయినట్టే." ఈ సూత్రం ఖనిలో పాత కార్మికులందరికీ నోటికొచ్చు. మా ఇంట్లో అయితే చిలకను పెంచుకుంటే అది కూడా అనేది.

నేను కరీంనగర్‌లో బీఎస్సీ చదివాను. స్టాటిస్టిక్స్‌లో ఫస్ట్ క్లాస్. ఆ పట్టా ఇప్పుడు బీరువాలో పెళ్ళి చీర అడుగున, చీర మడత చెడకుండా అట్టలాగా పనిచేస్తోంది. అది పూర్తిగా దండగ కాలేదు. వంకాయ కూర మాడిన రోజు, మామ ధ్యాస మళ్ళించడానికి నేను ఎక్కడెక్కడి ఆటల అంకెలో తవ్వి తీసేదాన్ని.

"మామా, మెల్‌బోర్న్ల ఆస్ట్రేలియా, ఇంగ్లండు మొట్టమొదటి టెస్టు ఆడింది పద్దెనిమిదొందల డెబ్బై ఏడుల. ఆస్ట్రేలియా నలభై అయిదు పరుగులతోటి గెలిచింది. సరిగ్గ నూరేండ్లకు, పండుగ జేసుకుందామని అదే గ్రౌండ్ల మల్ల ఆడిండ్రు. ఎన్ని పరుగులతోటి గెలిచిన్రో చెప్పున్రి?"

"ఎన్నిటితోని?"

"నలభై అయిదు."

కూర సంగతి మరిచిపోయాడు. నోట్లో ముద్ద అట్లాగే ఉంది. "నూరేండ్ల కిందటి కాయితం ముందట వెట్టుకొని రాసిండు లంగ!"

ఇంకోసారి చారులో ఉప్పెక్కువైంది. రెండువేల పదకొండు నవంబరు పదకొండున, పొద్దున పదకొండు గంటల పదకొండు నిమిషాలకు దక్షిణాఫ్రికా గెలవడానికి సరిగ్గా నూటపదకొండు పరుగులు కావలసి వచ్చిందని చెప్పాను. మామ రెండుసార్లు చారు పోసుకున్నాడు. చెయ్యి కడుక్కుంటూ అన్నాడు: "గడియారం వెట్టినోన్ని అడగాలె."

"ఇన్ని వేల మ్యాచులైనంక ఏవో కొన్ని కలుస్తయి మామా. కలువకపోతెనే వింత. ఊకెనే ఐతయి."

"నీ కాలేజీల ఐతయి బిడ్డా. బొగ్గుల కావు."

మొన్నటి చలికాలం దాకా ఇది మా ఇంట్లో ఖర్చులేని కాలక్షేపం.

ఏటా డిసెంబరులో మా దగ్గర కాలనీల కబడ్డీ పోటీలు జరుగుతాయి. రిటైరైన ఏడాది నుంచి అక్కడ లెక్క రాసేది మా మామే. కరోనా ఏడాది వదిలేస్తే, మొన్నటిది పద్నాలుగో టోర్నీ. ఆయనకు అది ఆట కాదు, డ్యూటీ. ఇస్త్రీ చేసిన తెల్ల చొక్కా, రెండు పెన్నులు, కళ్ళద్దాలు తుడిచే గుడ్డ. బల్ల పక్కన నల్లబోర్డు. ప్రతి పాయింటుకూ కాగితం మీద ఒక గీత, అయిదో గీత అడ్డం. మ్యాచ్ అయిపోయాక మొత్తం బోర్డు మీదికెక్కుతుంది. అంపైర్లు కూతలూ ఔట్లూ చూసుకుంటారు, లెక్కంటే గట్టయ్య వైపు చూస్తారు. పద్నాలుగేళ్ళలో ఒక్క పాయింటు మీద తగువు రాలేదు. ఆ బల్ల ముందు కూర్చున్న మూడు వారాలు ఆయన మోకాళ్ళు కూడా నొప్పి పెట్టవు.

ఆ శనివారం మధ్యాహ్నం రెండు మ్యాచులు. నేను ఫ్లాస్కులో చాయ్ పట్టుకుపోయి మొదటిది చూశాను. మందమర్రి వాళ్ళు జైపూర్ వాళ్ళ మీద గెలిచారు. ముప్పై ఏడు – ఇరవై ఎనిమిది. రెండో మ్యాచ్ మా యైటింక్లైన్ కాలనీకీ, సెంటినరీ కాలనీకీ. సెంటినరీ వాళ్ళు ఓడినా ఫరవాలేదు, ఎనిమిది పాయింట్ల లోపు ఓడితే చాలు, సెమీస్‌కు పోతారు. నేను అది మొదలుకాకముందే ఇంటికొచ్చేశాను. బట్టలు ఆరేయాల్సి ఉంది.

గంటకు ఖాళీ ఫ్లాస్కు కోసం మళ్ళీ పోయేసరికి బల్ల చుట్టూ జనం. బోర్డు మీద ముప్పై ఏడు – ఇరవై ఎనిమిది.

"తాతా, గిది ఎనుకటి ఆటది. బోర్డు తుడువనే లేదు నువ్వు," అంటున్నాడు సెంటినరీ కెప్టెన్.

"తుడిచిన. మల్ల రాసిన. తొమ్మిది పాయింట్లతోని ఓడిన్రు మీరు."

"గట్లెట్ల? మేం ఆరో ఏడో అనుకుంటున్నం. హాఫ్ టైముకు ఎంతుండె?"

మామ కాగితం చూశాడు. చూడకపోయినా ఆయనకు తెలుసు. అయినా చూశాడు. "పంతొమ్మిది – పదకొండు."

"మొదటి ఆటల హాఫ్ టైముకు?"

మామ గొంతు ఒక మెట్టు దిగింది. "పంతొమ్మిది – పదకొండు."

ఎవరో పక్కుమన్నారు. పోటీలు నడిపించే రఘుపతి రెండు కాగితాలూ తీసుకుని పక్కపక్కన పెట్టాడు. మంచివాడే. మామను కాకా అని తప్ప పిలవడు. కాని ఆయన కనుబొమలు పైకి పోవడం అందరూ చూశారు. "కాకా, రెండు ఆటలు, అన్నీ ఒక్కతీరుగనేనా?"

"ఒక్కతీరుగనే వచ్చినయి. నేనేం జెయ్యాలె? గీతలు చూడు. గీతలు వేరే తీరుగున్నయి."

"గీతలు ఎవలైనా గీస్తరు కాకా," అన్నాడు రఘుపతి మెల్లగా.

అప్పుడు వెనుక నుంచి ఎవరో, ముఖం కనబడలేదు, గొంతు మాత్రం సాగదీసి అడిగారు: "రెండు షిఫ్టులకు ఒక్క లెక్కొస్తే ఏమైనట్టే గట్టయ్య కాకా?"

గ్రౌండంతా ఒక్క గొంతుతో జవాబిచ్చింది: "మున్షీ నిద్రపోయినట్టే!"

పద్నాలుగేళ్ళుగా ఆయనే నేర్పిన పాఠం. ఒక్కరూ తప్పు చెప్పలేదు.

ఫోన్లలో వీడియో తీసినవాళ్ళు లేక కాదు. బోలెడుమంది తీశారు. ఎవరికి వాళ్ళు తమవాడు పట్టిన పట్టు అరనిమిషం తీసుకుని, దానికి పాట పెట్టుకున్నారు. పాయింట్లు ఎవరి ఫోన్లోనూ లేవు. చివరికి రఘుపతి చెప్పాడు: "రేపు గాదు, పై ఆదివారం దాకా టైముంది కాకా. ఏదన్న రుజువుంటె పట్టుకరా. లేకుంటె ఆట మల్ల ఆడిపిస్తం. లెక్కకు వేరేటోన్ని కూసోవెడతం. నువ్వు మనసుల వెట్టుకోకు."

మామా నేనూ ఇంటికొచ్చాం. మా ఆయన సంపత్ అప్పుడే ఫస్టు షిఫ్టు నుంచి వచ్చి, ఒంటి మీది బొగ్గు దుమ్ము కడుక్కుంటున్నాడు. ఓపెన్‌కాస్టు గనిలో డంపర్ నడుపుతాడు. సంగతి విని, "కబడ్డీయే గద నాయినా, కంపెనీ మునిగినట్టు జేస్తవేంది," అన్నాడు. మా అత్తమ్మ పూలమ్మ చాటలో బియ్యం చెరుగుతూ ఒకసారి ముఖం చూసి మళ్ళీ చెరుక్కుంది.

నేను చాయ్ పెట్టి ఇచ్చాను. ఇచ్చి ఊరుకోవచ్చు కదా. ఊరుకోలేదు.

"ఎండకు ఏమన్న కునుకు పట్టిందా మామా? జరంత సేపు?"

వేల మ్యాచుల్లో కొన్ని కలుస్తాయి, ఊకెనే ఐతయి అని పన్నెండేళ్ళుగా పాఠం చెప్పిన ఫస్ట్ క్లాస్ స్టాటిస్టిక్స్ అడిగిన ప్రశ్న అది. ఆయన నన్ను చూశాడు. కోపం లేదు. గ్లాసు ఎత్తి ఒక గుటక తాగాడు.

"చాయ్ మంచిగున్నది బిడ్డా," అన్నాడు.

ఈ ఇంటికి వచ్చిన పన్నెండేళ్ళలో ఆయన నా చాయ్‌ని మెచ్చుకోవడం అదే మొదలు. ఎంత లోతుగా తగిలిందో నాకు అప్పుడు తెలిసింది.

ఆదివారం పేపర్ మడత విప్పలేదు. సోమవారంది కూడా. మంగళవారం నాటికి ఇల్లు మరీ ప్రశాంతంగా ఉంది. ఎవరి మీదా అనుమానం లేని ఇల్లు అంత బోసిగా ఉంటుందని నేను అనుకోలేదు. వంట అయిపోయాక మంచం కింద నుంచి ట్రంకు పెట్టె లాగాను. పదమూడు టోర్నీల కాగితాలు, మ్యాచుకు ఒకటి చొప్పున నూట యాభై ఆరు, ఆయన చేత్తో రాసినవి. నడింట్లో బండల మీద పరిచాను.

"గిన్ని కాయితాలు పరిస్తివి, తినేదెక్కడ?" అంది అత్తమ్మ.

"జరుగున్రి అత్తమ్మా, రెండువేల పద్దెనిమిది మీద కూసున్నరు."

చేతిలో పెన్సిలు, పక్కన పాత క్యాలెండర్ వెనుక పేజీ. పన్నెండేళ్ళ తర్వాత బుర్ర బీఎస్సీ సెకండియర్‌లోకి పోయింది. నాలుగు గంటలకు లెక్క తేలింది. ఆఖరి స్కోరు అచ్చు గుద్దినట్టు కలిసిన జతలు పంతొమ్మిది. ఒక జతలో హాఫ్ టైము కూడా కలిసింది. ఒకే రోజు కలిసినవి మాత్రం లేవు. అది అరుదే. అరుదంటే జరగదని కాదు, జరిగినరోజు ఎవరో ఒకరి మెడకు చుట్టుకుంటుందని.

మామ పడుకుని లేచాక రెండు కాగితాలు చేతిలో పెట్టాను.

"ఇగో మామా. రెండువేల పద్నాలుగు. ముప్పై మూడు – ఇరవై ఆరు. హాఫ్ టైము పదిహేను – పద్నాలుగు. ఇగో పంతొమ్మిదిల ఇంకో రెండు జట్లు. ముప్పై మూడు – ఇరవై ఆరు. హాఫ్ టైము పదిహేను – పద్నాలుగు. చేతిరాత ఎవలది?"

"నాదే."

"అప్పుడు నిద్రవోయిన్రా?"

"లే."

"ఐదేండ్ల కిందటి కాయితం ముందట వెట్టుకొని రాసిన్రా?"

"అరే, లేదంటె." అద్దాలు తుడుచుకుని మళ్ళీ చూశాడు. గీతలు ఒక్కొక్కటీ వేలితో ముట్టి లెక్కపెట్టాడు. "గిదైతె... ఊకెనే ఐంది."

ఆ ముక్క ఆయన నోటివెంట రావడానికి నాకు పన్నెండేళ్ళు, నూట యాభై ఆరు కాగితాలు పట్టాయి. పండగ చేసుకుందామని అత్తమ్మ వైపు తిరిగాను. మామ మాత్రం ఆ కాగితాలు వదలలేదు.

"నిజంగ ఊకెనే ఐతదా బిడ్డా?"

"ఐతది మామా. ఎవ్వల తప్పు లేకుండనే ఐతది."

"ఎవ్వల తప్పు లేకుండనే," అన్నాడు. ఆ తర్వాత, నాతో కాదు, గోడతో అన్నాడు: "మరి బిక్షం?"

కాగితాలు బల్ల మీద పెట్టి, బయటికిపోయి, పొద్దున ఒకసారి, మధ్యాహ్నం ఒకసారి నీళ్ళు తాగిన కరివేపాకు చెట్టుకు మళ్ళీ నీళ్ళు పట్టడం మొదలుపెట్టాడు.

బిక్షం ఎవరని అత్తమ్మను అడిగాను. ఆమె చాట పక్కన పెట్టింది.

"ఇద్దరిదీ ఒక్కటే ఊరు. ఒక్కదినమే నౌకరిల చేరిన్రు. బిక్షం గూడ మున్షీయే. తొంబై ఒకటిల అనుకుంట, సెకండు షిఫ్టుల వరుసగ రెండు దినాలు రెండొందల పన్నెండు టబ్బులని రాసిండు. మీ మామ అప్పుడు మున్షీలందరికి పెద్ద. దొంగ లెక్కని కాయితం రాసి పైకిచ్చిండు. బిక్షం చేతులకెల్లి బుక్కు గుంజుకొని, లోపలికి తోలి, బొగ్గెత్తే తట్టా చెమ్మస్ పట్టిచ్చిండ్రు. పదకొండేండ్లు బొగ్గు ఎత్తిండు. నడుము పోయింది."

"మరి ఈ సూత్రం..."

"అప్పుడే పుట్టింది. దినాం ఎందుకంటడనుకున్నవ్? పుండు మీదికే చెయ్యి పోతది."

బిక్షం ఇల్లు మా లైనుకు నాలుగు లైన్ల అవతల. మున్షీగా చేసిన మనిషి ఆట చూస్తే లెక్కపెట్టకుండా ఉంటాడా అని నాకొక ఆశ. బుధవారం పొద్దున పోయేసరికి గడప ముందు పీట వేసుకుని చిక్కుడుకాయలు తుంచుతున్నాడు. వంగిన నడుము. మనిషి ముఖం మాత్రం నవ్వుమొహం.

"గట్టయ్య కోడలివి గద. కూసో బిడ్డా."

"కాకా, మొన్న శనివారం ఆటకు వచ్చిన్రా?"

"రెండూ చూసిన."

"రెండో ఆటల ఎంతొచ్చింది?"

తల ఎత్తలేదు. "ముప్పై ఏడు – ఇరవై ఎనిమిది. హాఫ్ టైముకు పంతొమ్మిది – పదకొండు."

ఎట్లా లెక్కపెట్టాడో అడగకముందే ఆయనే చెప్పాడు. పాయింటుకో రాయి, కుడి జేబులోంచి ఎడమ జేబులోకి. యైటింక్లైనుకు కంకర ముక్కలు, సెంటినరీకి చింతగింజలు. "ఏదో ఒకటి లెక్కవెట్టకుంటె నాకు ఊపిరాడదు బిడ్డా. పెండ్లికి వోతె ఇస్తార్లు లెక్కవెడత. మా ముసలిది తిడుతది."

"ఐతె ఆదివారం వచ్చి ఒక్కమాట చెప్పున్రి కాకా! మామది తప్పుగాదని."

బిక్షం నవ్వాడు. ఎత్తిపొడుపు లేదు అందులో. అదే నాకు కష్టమైంది.

"వస్త. రానంటలేను. కని పనికి రాదంటున్న. బిక్షం లెక్క దొంగ లెక్కని ఖనిల పాతోళ్ళందరికి ఎరుకే. రాసిందెవలు? మీ మామనే. గా కాయితం మీద ఆయన దస్కతున్నంత కాలం నా నోటికి ఇలువెక్కడిది? ఒక దొంగ లెక్కకు ఇంకో దొంగ లెక్క సాక్ష్యమా అని నవ్వుతరు."

కాసేపు చిక్కుడు ఈనెలు తీశాడు. నేను అడగకూడదనుకుంటూనే అడిగాను. "అప్పుడు రెండు దినాలూ... నిజంగ అంతే వచ్చినయా?"

"రెండొందల పన్నెండే. రెండో దినం ఆఖరి టబ్బు రాసినంక ముందటి దినం పేజీ తిప్పి చూసిన. ఒకటి కలిపి పదమూడు రాద్దునా అనుకున్న. రాస్తె అడిగెటోడు లేడు. హాయిగ మున్షీగనే రిటైరైతుంటి." ఒక కాయ విరిచి గిన్నెలో వేశాడు. "రాయబుద్ధి కాలే బిడ్డా. రానిది వచ్చిందని ఎట్ల రాస్తం?"

లేస్తుంటే కవర్లో చిక్కుడుకాయలు పోసి ఇచ్చాడు. "లెక్కవెట్టియ్యలే, తీస్కపో," అన్నాడు.

ఆ మధ్యాహ్నం చిక్కుడుకాయ కూర వండి, తింటుంటే అంతా చెప్పాను. చింతగింజలు చెప్పినప్పుడు మామ తల ఊపాడు, తెలిసిన పద్ధతే అన్నట్టు. పదమూడు రాస్తే అడిగేవాడు లేడన్న మాట దగ్గర చెయ్యి కంచంలోనే ఆగిపోయింది.

"ఇంకేంది నాయినా?" అన్నాడు సంపత్. సెకండు షిఫ్టుకు తయారై ఉన్నాడు. "జల్ది పోయి ఆయనతోని ఒక్కమాట అను. నీ దస్కతు నువ్వే కొట్టేస్తె, ఆయన సాక్ష్యం చెల్లుతది. నీ లెక్క సాఫ్, ఆయన లెక్క సాఫ్."

"నా పని పడ్డదని పోయి తప్పయిందంటె, గది ఒప్పుకునుడు గాదురా. బేరం."

"ముప్పై మూడేండ్లు పని పడలే గద," అంది అత్తమ్మ, చారు వడ్డిస్తూ. "అప్పుడు పోతివా?"

సంపత్ తలుపు దాకా పోయి బూట్లు వేసుకున్నాడు. మామ కంచంలో కూరంతా, ఒక్క కాయ వదలకుండా, మెల్లగా తినేశాడు. నేను కూడా ఆయనకు ఒక మాట బాకీ ఉన్నాను. కునుకు పట్టిందా అని అడిగినదాన్ని నేనే కదా. ఆ మాట పైకి రాలేదు. సాయంత్రం చాయ్‌లో చెంచా చక్కెర ఎక్కువ వేశాను. షుగరున్న మనిషికి అది ఏ రకం క్షమాపణో నాకే తెలియదు.

ఆదివారానికి నేను పెద్ద అట్ట తయారుచేశాను. పంతొమ్మిది జతలు, రంగు పెన్నులతో, గడులు గీసి. కాలేజీలో కూడా అంత శుభ్రంగా రాయలేదు. మామ ఇస్త్రీ చొక్కా తొడుక్కుంటూ దాన్ని ఆసాంతం చదివాడు.

"మస్తున్నది బిడ్డా. ఇంట్లనే ఉండనియ్యి."

"మామా, రుజువు!"

"ఉండనియ్యంటున్న."

నేను దాన్ని మడిచి చేతిసంచిలో పెట్టుకున్నాను. కోడళ్ళు వినాల్సినవి ఉంటాయి, విన్నట్టు కనబడాల్సినవి ఉంటాయి.

గ్రౌండ్ నిండా జనం. బిక్షం బెంచీ చివర కూర్చున్నాడు. రఘుపతి మైకు పక్కకు జరిపి, గౌరవంగానే అడిగాడు: "కాకా, రుజువేమన్న దొరికిందా?"

నా చెయ్యి సంచిలోకి పోయింది. మామ నా వైపు చూశాడు. చెయ్యి అక్కడే ఆగింది.

"లేదు," అన్నాడు మామ.

పెన్నులు రెండూ బల్ల మీద పెట్టాడు. కుర్చీని ఒక్కసారి వెనక్కి జరిపి, ఎదురుచూస్తున్న కొత్త మనిషికి వదిలేశాడు. కూర్చోవడానికి చోటు వెతుక్కుంటూ పోయి బెంచీ మీద, బిక్షానికి ఒక మనిషి ఎడంలో కూర్చున్నాడు. ఇద్దరూ ఎదురుగా చూస్తూ ఆట చూశారు. ఒకరి చెయ్యి జేబులో కదులుతోంది. ఇంకొకరి వేలు మోకాలి మీద గీతలు గీస్తోంది.

యైటింక్లైన్ వాళ్ళే మళ్ళీ గెలిచారు. ఈసారి ముప్పై ఒకటి – ఇరవై అయిదు. సెంటినరీ వాళ్ళు ఆరు పాయింట్లతో ఓడిపోయి, ఎగిరి గంతులేసి, డప్పు తెప్పించుకుని సెమీస్‌కు పోయారు. ఓడినందుకు అంత సంబరపడ్డ జట్టును నేను ఇంతవరకూ చూడలేదు. "చెప్పలేదా! ఆరే అని చెప్పలేదా!" అని కెప్టెన్ అందరికీ చెబుతున్నాడు. జనం మామ వైపు చూసి, చూపు తిప్పుకుంటున్నారు. పద్నాలుగేళ్ళ లెక్క ఆ చూపులతో కొట్టేసినట్టయింది. ఇక ఎవరొచ్చి ఏం చెప్పినా మారేది లేదు.

అప్పుడు లేచాడు మామ. మోకాళ్ళ మీద చేతులు ఆనించి, మెల్లగా. నేరుగా బల్ల దగ్గరికి పోయి రఘుపతిని మైకు అడిగాడు.

"కాకా, ఐపోయింది గద, ఇడిసిపెట్టు..."

"మొన్నటిది గాదు. ఇయ్యి."

మైకు రెండుసార్లు కీచుమంది. డప్పు ఆగింది.

"నేను గట్టయ్యను. మున్షీ గట్టయ్యను. నా లెక్క ముచ్చట గాదు, గది ఐపోయింది. పాత ముచ్చట ఒకటున్నది. పాతోళ్ళకు ఎరుకే. తొంబై ఒకటిల గీ బిక్షం రెండు దినాలు రెండొందల పన్నెండు టబ్బులు రాసిండు. దొంగ లెక్కని నేను కాయితం రాసిన."

"ఔ, ఎరుకే," అన్నారు ఎవరో ముసలాయన.

"గా రెండు దినాలు నేను గని మీద లేను. లీవుల ఉంటి. టబ్బులు నేను చూడలే. వచ్చి బుక్కుల అంకెలు చూసిన. అంకెలు ఒక్కతీరుగున్నయని మనిషిని లోపలికి తోలిచ్చిన."

అత్తమ్మ నా పక్కన కొంగు నోటికడ్డం పెట్టుకుంది. రఘుపతికి ఏదో తట్టినట్టుంది, ముందుకు వంగాడు. "మరి కాకా, మొన్నటి నీ లెక్క గూడ..."

"నాది అడుగకు. అడుగుతవనే ఇంతసేపు ఆగిన." మామ మైకును నోటికి ఇంకా దగ్గరికి తెచ్చుకున్నాడు, దూరంగా ఉన్నవాళ్ళకు కూడా వినబడాలన్నట్టు. బెంచీ వైపు తిరిగాడు.

"బిక్షం. లెక్క నీదే సరైంది. తప్పు నాది."